కారుకు పది గేర్లు, బోటుకు ఒక్కటేనా? మనుషులు ఎక్కితే లేవడం లేదు

లానియర్_రాజు

మాది 21 అడుగుల బౌరైడర్ (ముక్కు దగ్గర కూడా సీట్లుండే సరదా బోటు), వెనుక బయట తగిలించిన 150 హార్స్‌పవర్ ఇంజన్, అంటే అవుట్‌బోర్డ్. నాలుగేళ్ళుగా జార్జియాలోని లేక్ లానియర్‌లో తిప్పుతున్నాను. నేనూ మా ఆవిడా ఇద్దరమే ఎక్కితే లివర్ తోసీ తోయగానే దూసుకుపోతుంది. మొన్న శనివారం ఇండియా నుంచి అమ్మానాన్న, అక్కాబావల కుటుంబం వచ్చారని మొత్తం తొమ్మిది మందిమి ఎక్కాం. లివర్ చివరిదాకా తోశాను. ముక్కు పైకి లేచిపోయి నాకు ఎదుట నీళ్ళే కనపడలేదు. ఇంజన్ మూలుగుతోంది, వెనుక నురగ లేస్తోంది, బోటు మాత్రం కదలనంటోంది. మా బావ తీసిన వీడియో పెట్టి లెక్కపెడితే ప్లేన్ ఎక్కడానికి 14 సెకన్లు పట్టింది. "బురదలో పడుకున్న గేదెను లేపినట్టుందిరా" అన్నారు నాన్న.

సరే, లేచింది కదా అనుకుంటే 25 మైళ్ళ స్పీడుకే 3,800 ఆర్‌పీఎం. ఆ హోరులో వెనుక సీటువాళ్ళు మాట్లాడుకోలేకపోయారు.

నా కారుకు పది గేర్లు. ఫస్ట్‌లో లాగుతుంది, టాప్‌లో పడ్డాక 70 మైళ్ళ దగ్గర కూడా ఇంజన్ ఉందో లేదో తెలియదు. బోటుకు ముందుకు, న్యూట్రల్, రివర్స్, అంతే. ఇన్నేళ్ళలో ఎవరికీ తట్టలేదా? బయట రెండు గేర్ల బాక్స్ కొని పెట్టించుకోవచ్చా? డీలర్‌ను అడిగితే "200 ఇంజన్ వేసుకోండి" అంటున్నాడు. అంత డబ్బు లేదు.

కొత్తనీరు

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. ప్లేన్ ఎక్కడం ఏంటండీ? అమ్మానాన్నలను అప్పుడే విమానం ఎక్కించేశారా?

డల్లాస్_సుధ

విమానం కాదులెండి :) చిన్నప్పుడు చెరువులో పెంకు విసిరి కప్పగంతులు వేయించేవాళ్ళం కదా, అదే. స్పీడు చాలినంత వచ్చాక బోటు నీళ్ళను చీల్చుకుంటూ వెళ్ళడం మానేసి నీటి మీదకు లేచి జారుతుంది. దాన్నే ప్లేన్ అంటారు. ఆ లేచే ముందు ఒక గుట్ట ఉంటుంది, ముక్కు పైకి, తోక కిందికి. రాజు గారి బోటు ఆ గుట్ట దగ్గర ఆగిపోతోంది.

టాంపా_శ్రీను

తట్టకపోవడమేంటి, వచ్చేసింది రాజు గారూ. బోటు ఇంజన్లు చేసే మెర్క్యురీ వాళ్ళు 2021 ఫిబ్రవరిలో 600 హార్స్‌పవర్ వెరాడో ఇంజన్ తెచ్చారు. 7.6 లీటర్ల వీ12, అంటే పన్నెండు సిలిండర్లు. అవుట్‌బోర్డ్‌లో రెండు స్పీడ్ల ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ రావడం అదే మొదలు. ఫస్ట్ గేర్ సెకండ్ కంటే 20 శాతం లో గేర్, అంటే లాగుడు ఎక్కువ. బోటు లేచేదాకా ఫస్ట్, లేచాక దానంతట అదే సెకండ్.

నేను ఇక్కడ రెండుసార్లు ఎక్కాను, మూడు ఇంజన్లున్న సెంటర్ కన్సోల్ (స్టీరింగ్ నడిమధ్యలో ఉండే బోటు) మీద. డ్రైవర్ లివర్ తోశాడు, గేర్ మారడం నాకు చెవికి తెలిసింది కానీ ఒంటికి తెలియలేదు. హోరు ఒక్క మెట్టు దిగింది, బోటు మాత్రం అదే ఊపులో పోతోంది. నా ఒళ్ళు జలదరించింది.

లానియర్_రాజు

చూశారా! మరి 150లో ఎందుకు పెట్టరు?

టాంపా_శ్రీను

ఆ ఇంజన్ ఒక్కటే 570 కిలోలకు పైన. మీ బోటు వెనుక పెడితే ముక్కు దించడానికి మీ బావగారు సరిపోరు.

గేర్‌బాక్స్_గోపి

నేను డెట్రాయిట్‌లో కార్ల ట్రాన్స్‌మిషన్లలోనే పనిచేస్తాను కాబట్టి ఈ ప్రశ్న నన్ను చాలాకాలం తొలిచింది. కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

కారుకు గేర్లు ఎందుకు కావాలి? టైరు రోడ్డును గట్టిగా పట్టుకుంటుంది, జారదు. చక్రం ఆగి ఉంటే ఇంజన్ తిరగలేదు. అందుకే క్లచ్చో టార్క్ కన్వర్టరో ఉండాలి, ఆపైన గేర్లు ఉండాలి. బోటులో ప్రొపెల్లర్ నీటిలో జారుతుంది. బోటు కట్టేసి ఉన్నా ప్రొపెల్లర్ తిరుగుతుంది. అంటే నీరే మీ టార్క్ కన్వర్టర్. సగం గేర్‌బాక్స్ పని ఉచితంగా అయిపోయింది.

రెండోది, టాప్ గేర్ సంగతి. 70 మైళ్ళ దగ్గర మీ కారుకు కావలసింది పాతిక, ముప్పై హార్స్‌పవర్. ఇంజన్‌లో ఉన్నది రెండు వందల పైన. ఆరో వంతు కూడా వాడటం లేదు, అందుకే 1,700 ఆర్‌పీఎంలో పడేసి నిద్రపుచ్చవచ్చు. బోటుకు ఆ సుఖం లేదు. ప్లేన్ మీద 25 మైళ్ళకు మీ 150లో మూడో వంతు పైన ఎప్పుడూ ఖర్చవుతూనే ఉంటుంది. ఆగకుండా ఘాట్ రోడ్డు ఎక్కుతున్న లారీ అనుకోండి. అరకు ఘాట్‌లో ఎవరైనా టాప్ గేర్ వేస్తారా?

కాబట్టి రెండు గేర్లు పెడితే లాభం ఎక్కువగా లేచేటప్పుడే. క్రూజింగ్‌లో కొంత ఉంటుంది కానీ కారులో అలవాటైనంత ఉండదు.

పడవపిచ్చి

గోపి గారూ, ఘాట్ రోడ్డు పోలిక బాగుంది కానీ చివరి మాట ఒప్పుకోను. ప్రొపెల్లర్ లాగే పవర్ ఆర్‌పీఎం తగ్గితే చాలా వేగంగా పడిపోతుంది, దాదాపు మూడో ఘాతంలో. 60 శాతం ఆర్‌పీఎం దగ్గర 0.6 × 0.6 × 0.6 అంటే పూర్తి పవర్‌లో 22 శాతమే. ఇంజన్ మాత్రం ఆ 60 శాతం ఆర్‌పీఎంలో అంతకు రెట్టింపు పైనే ఇవ్వగలదు. ఆ తేడా అంతా వాడకుండా ఉంది. ఇంకో గేర్ ఉంటే ఆర్‌పీఎం దించి ఆ మిగులు వాడుకోవచ్చు, పెట్రోలు కలిసివస్తుంది.

గేర్‌బాక్స్_గోపి

మూడో ఘాతం నీళ్ళను చీల్చుకుంటూ నెమ్మదిగా పోయే పడవలకు బాగా సరిపోతుంది. ప్లేన్ మీద పోయే బోట్లకు అంత ఏటవాలు ఉండదు, రెండున్నర దరిదాపుల్లో ఉంటుంది. మిగులు ఉందన్నది నిజమే, కాదనను. ఆ వీ12లో సెకండ్ గేర్ చేసేది అదే పని. అయితే 600 హార్స్‌పవర్ పెట్టి రోజంతా సముద్రం మీద తిరిగేవాడికి ఆ నాలుగు శాతమో ఆరు శాతమో డబ్బు. ఏడాదికి 60 గంటలు తిప్పే రాజు గారికి?

డల్లాస్_సుధ

మా బోటు లెక్కలు ఇస్తాను, మీరే చూడండి. 23 అడుగులు, 250 హార్స్‌పవర్ స్టెర్న్‌డ్రైవ్ (ఇంజన్ బోటు లోపల, ప్రొపెల్లర్ కాలు వెనుక బయట). గంటకు ఎన్ని గ్యాలన్లు తాగుతోందో చూపించే మీటరు ఉంది.

2,500 ఆర్‌పీఎం: ముక్కు లేచి, 10 మైళ్ళు, గంటకు ఆరున్నర గ్యాలన్లు. గ్యాలన్‌కు ఒకటిన్నర మైలు.
3,200 ఆర్‌పీఎం: ప్లేన్ మీద, 27 మైళ్ళు, గంటకు ఎనిమిదిన్నర. గ్యాలన్‌కు మూడు మైళ్ళ పైన.

ఆర్‌పీఎం తగ్గితే పెట్రోలు మిగులుతుందన్న కారు అలవాటు ఇక్కడ పనికిరాదు. రెండేళ్ళు నేనూ "మెల్లగా పోదాం, పొదుపు" అనుకుని ముక్కు లేపుకుని పోయి ఎక్కువ తగలేశాను. రాజు గారూ, మీ 3,800 చూసి కంగారు పడకండి. అది ఇంజన్‌కు హాయిగా ఉండే చోటే.

వైజాగ్_మెరైనర్

ముప్పై ఏళ్ళు ఓడల ఇంజన్ రూముల్లో గడిపినవాడిని. రాజు గారి ప్రశ్నకు మా వైపు జవాబు చెబుతాను. పెద్ద సరుకు ఓడల్లో గేర్‌బాక్సే ఉండదు. టూ స్ట్రోక్ డీజిల్ నిమిషానికి 80, 100 తిరుగుతుంది, షాఫ్ట్ నేరుగా ప్రొపెల్లర్‌కు. వెనక్కి పోవాలంటే ఇంజన్ ఆపి ఎదురు దిశలో స్టార్ట్ చేస్తాం.

గేర్లు కావలసిన చోట మేము వేరే దారి పట్టాం. ప్రొపెల్లర్ రెక్కల కోణమే మార్చేస్తాం. రెక్కలు బిగించిన మధ్య దిమ్మను బాస్ అంటాం, దాని లోపల హైడ్రాలిక్ పిస్టన్ ఉంటుంది, బ్రిడ్జి మీద లివర్ కదిపితే రెక్క తిరుగుతుంది. లాగాలంటే కోణం తగ్గించు, పరుగెత్తాలంటే పెంచు. రెండు గేర్లు కాదు, ఎన్ని కావాలంటే అన్ని. టగ్గులు, ఫెర్రీలు, నేవీ ఓడల్లో మామూలు విషయం ఇది. చిన్న బోట్లకు ఎందుకు రాలేదంటే ఆ బాస్ లావుగా ఉంటుంది, ఖరీదు, చేపల వల తగిలితే రిపేరు పెద్దది.

మీరు తెలుసుకోవలసింది ఒక్కటే నాయనా. బోటులో గేర్ ఎక్కడ ఉందని అడిగితే ప్రొపెల్లర్ పిచ్‌లో ఉంది. మీకు పడ్డది టాప్ గేర్. తొమ్మిది మందిని ఎక్కించుకుని టాప్ గేర్‌లో బండి కదపమంటున్నారు.

లానియర్_రాజు

మాస్టారూ, ఈ మాట నాకు నాలుగేళ్ళలో ఎవరూ చెప్పలేదు. ప్రొపెల్లర్ మీద 19 అని ఉంది. అదేనా పిచ్?

వైజాగ్_మెరైనర్

అదే. ఒక్క చుట్టుకు, నీరు జారకుండా ఉంటే, 19 అంగుళాలు ముందుకు పోవాలి. మరకు చెక్కలోకి దిగినట్టు.

టాంపా_శ్రీను

రాజు గారూ, ఆపండి, ముందు మూడు నంబర్లు ఇవ్వండి. అవి లేకుండా ఈ చర్చంతా గాలిలోనే.

ఇద్దరే ఉన్నప్పుడు లివర్ పూర్తిగా తోస్తే ఎంత ఆర్‌పీఎం? తొమ్మిది మందితో ఎంత? మాన్యువల్‌లో ఫుల్ థ్రాటిల్ రేంజ్, అంటే లివర్ పూర్తిగా తోస్తే ఇంజన్ తిరగాల్సిన ఆర్‌పీఎం, ఎంత రాశారు? గేర్ రేషియో కూడా, అంటే ప్రొపెల్లర్ ఒక చుట్టుకు ఇంజన్ ఎన్ని చుట్లో. ఇంకోటి, బయలుదేరేటప్పుడు ట్రిమ్ (ఇంజన్‌ను పైకీ కిందికీ వంచే కోణం) ఎక్కడ పెట్టారు?

లానియర్_రాజు

ఇద్దరితో 5,600, 44 మైళ్ళు. తొమ్మిది మందితో 4,900 దాటలేదు, 36 మైళ్ళు. మాన్యువల్ 5,000 నుంచి 6,000 అంటోంది. రేషియో 2:1. ట్రిమ్... మీటరులో సగం. ఎప్పుడూ అక్కడే వదిలేస్తాను.

టాంపా_శ్రీను

దొరికింది! రెండు తప్పులు.

ట్రిమ్ సగం పైకి పెట్టి బయలుదేరితే ప్రొపెల్లర్ బోటును ముందుకు నెట్టడం మానేసి ముక్కును ఇంకా పైకి ఎత్తుతుంది. బయలుదేరేముందు బటన్ నొక్కి పూర్తిగా కిందికి దించండి. ప్లేన్ ఎక్కాక, స్టీరింగ్ బరువు తగ్గేదాకా కొంచెం కొంచెం పైకి. పైసా ఖర్చు లేదు.

రెండోది మెరైనర్ గారు చెప్పిందే. 4,900 అంటే రేంజ్ కింద. ఫుల్ లోడుతో ఇంజన్ తన పూర్తి పవర్ ఇచ్చే చోటుకు చేరుకోవడమే లేదు. 150కి డబ్బు కట్టి 120, 130 వాడుతున్నారు. అలా రోజూ తిప్పితే ఇంజన్‌కూ మంచిది కాదు.

గేర్‌బాక్స్_గోపి

లెక్క వేస్తే శ్రీను అన్నది కచ్చితం. 5,600ను 2తో భాగిస్తే 2,800. 19తో హెచ్చవేసి మైళ్ళలోకి మారిస్తే గంటకు 50.4. వచ్చింది 44. అంటే జారుడు 12, 13 శాతం, బాగానే ఉంది. తొమ్మిది మందితో 4,900కి ఇదే లెక్కన 44 రావలసింది 36 వచ్చింది, జారుడు 18 శాతం. పిచ్ ఒక అంగుళం తగ్గిస్తే 150 నుంచి 200 ఆర్‌పీఎం పెరుగుతుందని అందరూ వాడే లెక్క. 16కి దిగితే మీరు రేంజ్ మధ్యకు వస్తారు.

కొత్తనీరు

18 శాతం జారుడు అంటే 18 శాతం పెట్రోలు నీళ్ళ పాలేనా?

పడవపిచ్చి

కాదండీ, ఇది చాలామంది పొరబడే చోటు. జారుడు లేకపోతే తోపుడే లేదు. రెక్క నీటికి కొంచెం ఏటవాలుగా తగిలితేనే నెట్టగలదు, విమానం రెక్క గాలికి తగిలినట్టు. జారుడు సున్నా అయితే నెట్టుడూ సున్నా. ఎక్కువైతే నష్టం, సరే. కానీ జారుడు శాతమూ, నష్టం శాతమూ ఒకటి కాదు.

డెన్వర్_యాదగిరి

అన్నా, నా కథ వినండి. హ్యూస్టన్ నుంచి డెన్వర్‌కు మారినప్పుడు బోటు కూడా తెచ్చుకున్న. చాట్‌ఫీల్డ్ రిజర్వాయర్ దాదాపు 5,400 అడుగుల ఎత్తులో ఉంటది. మొదటి రోజు నలుగురమే ఉన్నా బోటు లేవలేదు. ఇంజన్ పాడైందనుకుని మెకానిక్‌కు చూపెట్టిన. ఆయన ఇంజన్ మూత కూడా తీయలేదు, ప్రొపెల్లర్ నంబర్ చూసి నవ్విండు. వెయ్యి అడుగులకు మూడు శాతం పవర్ పోతదట, గాలి పలచన కాబట్టి. 21 తీసి 17 పెట్టిండు. అదే ఇంజన్, అదే బోటు, పాత రోజులు తిరిగొచ్చినయి.

రాజన్నా, గేర్‌బాక్స్ గురించి కలలు కనేముందు ప్రొపెల్లర్ మార్చి చూడు.

లానియర్_రాజు

16కి దిగితే టాప్ స్పీడు పోతుంది కదా యాదగిరన్నా? అందుకే కదా రెండు గేర్లు అడిగింది. లేచేటప్పుడు 16, లేచాక 19 కావాలి నాకు.

డెన్వర్_యాదగిరి

పోతది. రెండు మూడు మైళ్ళు. 44తోటి ఎన్నిసార్లు పోయినవు నిరుడు? నిజం చెప్పు.

ఉప్పాడ_అబ్బాయి

ఇక్కడ అందరూ సరదా బోట్ల గురించి రాస్తున్నారు. మా ఇంట్లో బతుకే దీని మీద, అందుకని రాస్తున్నా. మా పెదనాన్నగారిది ఉప్పాడలో ఫైబర్ తెప్ప, 9.9 హార్స్‌పవర్ ఇంజన్. అక్కడ జెట్టీ కాదు, ఒడ్డు నుంచే కెరటం మీదకు తోయాలి. వలలు, ఐసు, డీజిల్ డబ్బాల్లో పెట్రోలు, నలుగురు మనుషులు. కెరటానికీ కెరటానికీ మధ్య ఉన్న ఆ కాస్త సందులో ఇంజన్ లాగకపోతే తెప్ప అడ్డం తిరుగుతుంది. అడ్డం తిరిగితే ఏమవుతుందో సముద్రం దగ్గర పుట్టినవాళ్ళకు చెప్పనక్కరలేదు.

ఆయన ఎప్పుడూ స్పీడు కోసం ప్రొపెల్లర్ కొనలేదు. తక్కువ పిచ్, వెడల్పాటి రెక్కలు. "పరుగు తరవాత, ముందు లాగాలి" అంటారు. పక్క తెప్ప కుర్రాడు వేగంగా పోతుందని ఎక్కువ పిచ్ వేయించాడు. ఖాళీగా వెళ్ళేటప్పుడు బాగుంది. చేప పడిన రోజు, బరువుతో ఒడ్డుకు వస్తూ వెనుక కెరటం నుంచి తప్పించుకోలేకపోయాడు. మనుషులు బతికారు. వల పోయింది, చేప పోయింది.

రాజు గారూ, తొమ్మిది మందితో 14 సెకన్లు ముందు ఏముందో కనపడకుండా పోవడం నాకు స్పీడు సమస్యలా అనిపించలేదు. దయచేసి మార్చండి.

డల్లాస్_సుధ

పెదనాన్నగారి మాట నా మనసులో నిలిచిపోయింది. రాజు గారూ, మీ బోటు పలక మీద ఎంతమంది అని ఉంది? జార్జియాలో 13 ఏళ్ళ లోపు పిల్లలకు బోటు కదులుతున్నంతసేపూ లైఫ్‌జాకెట్ ఒంటి మీద ఉండాలి, తెలుసు కదా?

లానియర్_రాజు

పలక మీద 10 మంది. పిల్లలకు జాకెట్లు వేశానండీ, ఆ విషయంలో మా అమ్మ నాకంటే గట్టి. కానీ ఉప్పాడ తమ్ముడు అన్నది నిజం, ముందు కనపడలేదు. ఆ సెకన్లలో ఎదురుగా కయాక్ ఉంటే? రాత్రి పడుకున్నా అదే గుర్తొచ్చింది.

టాంపా_శ్రీను

ఉప్పాడ తమ్ముడు చెప్పిన లాగుడు సంగతి కంపెనీలకూ తెలుసు. యమహా 9.9లోనే రెండు రకాలు ఉన్నాయి. మామూలు దాని రేషియో 2.08, హై థ్రస్ట్ దానిది 2.92. అదే పవర్, కానీ నెమ్మదిగా తిరిగే పెద్ద ప్రొపెల్లర్. 60లో కూడా అంతే, 1.85, 2.33. అంటే లో గేర్ కావాలా, హై గేర్ కావాలా అన్నది కొనేటప్పుడే ఎంచుకోవాలి. నడిచేటప్పుడు మార్చుకునే సౌకర్యం ఇచ్చింది మాత్రం, నాకు తెలిసి, ఆ మెర్క్యురీ వీ12 ఒక్కటే. 2022లో వచ్చిన మెర్క్యురీ వీ10 ఇంజన్లకు (350, 400 హార్స్‌పవర్) కూడా మళ్ళీ ఒక్క గేరే.

బ్యాటరీ_భాస్కర్

ఇంకా గేర్లంటారేంటండీ. ఎలక్ట్రిక్ మోటారుకు సున్నా నుంచే పూర్తి టార్క్. ఈ గొడవే ఉండదు.

గేర్‌బాక్స్_గోపి

మోటారు సంగతి ఒప్పుకుంటాను భాస్కర్ గారూ. ప్రొపెల్లర్ సంగతి? అది ఒకే పిచ్‌లోనే ఉంటుంది కదా. ఆగి ఉన్న బోటులో పూర్తి టార్క్ ఒక్కసారి ఇస్తే రెక్కలు పైనుంచి గాలి లాక్కుని ఊరికే గిర్రున తిరుగుతాయి. పైగా ప్లేన్ మీద బోటు ఆగకుండా ఘాట్ ఎక్కుతుందని చెప్పాను కదా, బ్యాటరీకి అదే కష్టం. నెమ్మదిగా తిరిగే పడవలకైతే ఎలక్ట్రిక్ చాలా బాగుంటుంది, నాకూ ఇష్టమే.

కొత్తనీరు

గాలి లాక్కోవడమే కదా కావిటేషన్?

వైజాగ్_మెరైనర్

కాదు బాబూ. పైనుంచి గాలి, పొగ రెక్కల్లోకి వస్తే అది వెంటిలేషన్. రెక్క వెనుక ఒత్తిడి పడిపోయి నీరే చల్లగా ఉండి ఆవిరి బుడగలుగా మారితే అది కావిటేషన్. ఆ బుడగలు పగిలి ఇత్తడి రెక్కను చెదలు తిన్నట్టు తినేయడం డ్రైడాక్‌లో నా చేత్తో తడిమి చూశాను.

టాంపా_శ్రీను

వెంటిలేషన్‌ను కావాలని వాడుకునే ప్రొపెల్లర్లు కూడా ఉన్నాయి. రెక్క మొదట్లో బాస్ మీద చిన్న రంధ్రాలు ఉంటాయి. లేచేటప్పుడు వాటిలోంచి ఇంజన్ వదిలే పొగ కొంచెం రెక్కల మీదకు వస్తుంది, రెక్కల పట్టు సడలుతుంది, ఇంజన్ గబగబా ఆర్‌పీఎం అందుకుంటుంది. స్పీడు వచ్చాక నీరు ఆ రంధ్రాలను మూసేస్తుంది, పూర్తి పట్టు. క్లచ్ సగం నొక్కి బండి లేపినట్టే. రాజు గారూ, ఇది మీరు అడిగిన రెండు గేర్లకు పేదవాడి దారి.

పడవపిచ్చి

ఇంతకీ ఎవరూ చెప్పలేదు, బయట గేర్‌బాక్స్ కొని పెట్టించుకోవడం కుదురుతుందా అన్నది ఆయన అసలు ప్రశ్న.

గేర్‌బాక్స్_గోపి

అవుట్‌బోర్డ్‌కు కుదరదు. మూడు కారణాలు వరుసగా ఒకదాన్ని ఒకటి తోస్తాయి. కారు గేర్ మార్చేటప్పుడు అర సెకను పవర్ ఆగినా బండి దొర్లుతూనే ఉంటుంది. బోటుకు ఆ అర సెకనులో నీరు బ్రేకు వేసేస్తుంది, గుట్ట దగ్గర ఉంటే మళ్ళీ కింద పడుతుంది. కాబట్టి పవర్ ఆగకుండా మారే క్లచ్‌లు కావాలి. వాటికి ఆయిలు, పంపు, చల్లార్చడం, కంప్యూటరు కావాలి. ఇదంతా పెట్టడానికి చోటు కావాలి. లో గేర్ వేస్తే ప్రొపెల్లర్ షాఫ్ట్ మీద టార్క్ పెరుగుతుంది, కింద నీటిలో ఉన్న పళ్ళ చక్రాలు లావు కావాలి, లావైతే నీటిలో ఈడ్పు పెరిగి టాప్ స్పీడు తింటుంది. 600 హార్స్‌పవర్ ఇంజన్‌లో ఇవన్నీ ఇమిడిపోతాయి. 150లో లాభం కంటే బరువే ఎక్కువ.

బోటు లోపలే ఉండే ఇన్‌బోర్డ్ డీజిల్స్ కథ వేరు. జెడ్‌ఎఫ్ వాళ్ళు రెండు స్పీడ్ల మెరైన్ గేర్‌బాక్సులు చేశారు. పెద్ద టర్బో డీజిల్ తక్కువ ఆర్‌పీఎంలో ఊపిరాడక నల్లపొగ వదులుతుంది, టర్బో తిరిగితే గానీ దమ్ము రాదు. ఫస్ట్ గేర్‌లో ప్రొపెల్లర్ భారం తగ్గితే ఇంజన్ తొందరగా పైకి లేచి టర్బో అందుకుంటుంది. బరువైన స్పోర్ట్‌ఫిషింగ్ బోట్లకు అది నిజంగా పనికొచ్చే వస్తువు. గేర్లు రావాలని నేనూ కోరుకునేవాడినే. ఏ బోటుకు, ఏ బరువుకు అన్నదే నా గొడవ.

డల్లాస్_సుధ

వోల్వో పెంటా 1982లో తెచ్చిన డుయోప్రాప్ కూడా ఈ గుట్ట సమస్యకే మంచి జవాబు. ఒకదాని వెనుక ఒకటి రెండు ప్రొపెల్లర్లు, ఎదురెదురు దిశల్లో. నీటిలో రెక్కల పట్టు ఎక్కువ, బోటు పక్కకు లాగదు. మా దానికీ అలాంటివే రెండున్నాయి కాబట్టి చెబుతున్నాను, ఎనిమిది మందితో కూడా ముక్కు అంతగా లేవదు.

లానియర్_రాజు

అందరికీ అప్‌డేట్.

పోయిన ఆదివారం మళ్ళీ తొమ్మిది మందిమి. ఈసారి ట్రిమ్ పూర్తిగా కిందికి, బావగారినీ అక్కనూ వెనుక బెంచీ నుంచి నా పక్కకు తెచ్చాను. 19 అలాగే ఉంచాను. 14 సెకన్లు 11 అయ్యాయి. మూడు సెకన్లు, ఒక బటన్‌తో.

తరవాత నాలుగు రెక్కల 16 స్టెయిన్‌లెస్ తెప్పించాను, రంధ్రాలున్నదే. నేనే మార్చాను. తాళం తీసి జేబులో వేసుకుని, రెక్కకూ పై ప్లేటుకూ మధ్య చెక్కముక్క పెట్టి నట్టు విప్పాను. ప్రొపెల్లర్ లాగితే వెనుక షాఫ్ట్‌కు జుట్టులా చేపలదారం చుట్టుకుని ఉంది! ఎప్పటిదో. చాకుతో కోసి తీస్తే అరచేతినిండా వచ్చింది. ఆయిల్ సీల్ దాకా ఇంకా వెళ్ళలేదు, అదృష్టం. షాఫ్ట్ మీది పళ్ళ గాళ్ళకు, అవే స్ప్లైన్లు, గ్రీజు రాసి, వాషర్ ఏటవాలు వైపు సరిచూసుకుని, కొత్త పిన్ను పెట్టాను.

ఈ శనివారం అదే తొమ్మిది మంది. 7 సెకన్లు. ముక్కు లేచింది కానీ నాకు నీళ్ళు కనపడుతూనే ఉన్నాయి. ఫుల్ థ్రాటిల్ 5,350, స్పీడు 35. ఇద్దరితో 5,950, 41 మైళ్ళు. అంటే యాదగిరన్న చెప్పినట్టే మూడు మైళ్ళు పోయాయి. 25 మైళ్ళకు ఇప్పుడు 4,100 తిరుగుతోంది, హోరు కాస్త పెరిగింది, అది దాచను. పెట్రోలు మాత్రం రోజంతా తిరిగి లెక్క చూస్తే పెద్ద తేడా లేదు. ఇంకో మంచి సంగతి, ఇదివరకు మనుషులు నిండితే 20 మైళ్ళ దగ్గర ప్లేన్ దిగిపోయేది, ఇప్పుడు 17 దాకా నిలబడుతోంది. పిల్లలతో నెమ్మదిగా పోవచ్చు.

నాన్న "ఇప్పుడు గేదె లేచింది" అన్నారు.

డెన్వర్_యాదగిరి

జబర్దస్త్ అన్నా!

వైజాగ్_మెరైనర్

దారం చూసి తీయడం మంచి పని. సీజన్‌కు రెండుసార్లు విప్పి చూడు నాయనా. ప్రొపెల్లర్ దగ్గర గేర్లుండే భాగం, అదే లోయర్ యూనిట్, దాని ఆయిల్ కూడా చూడు. పాల రంగుకు తిరిగితే నీరు దిగినట్టు.

ఉప్పాడ_అబ్బాయి

7 సెకన్లు అని పెదనాన్నగారికి ఫోన్లో చెప్పాను. ఇద్దరితో వెళ్ళినప్పుడు 5,950 అంటే 6,000 గీతకు బాగా దగ్గర, ఖాళీగా ఉన్నప్పుడు లివర్ చివరిదాకా తొయ్యొద్దని చెప్పమన్నారు.

లానియర్_రాజు

తప్పకుండా తమ్ముడూ. ఆయనకు నా నమస్కారాలు చెప్పు. ఇద్దరమే తిరిగే అక్టోబర్, నవంబర్ నెలల్లో పాత 19 మళ్ళీ వేస్తాను, మార్చడానికి ఇరవై నిమిషాలు కూడా పట్టలేదు.

పడవపిచ్చి

అమ్మరన్నమాట. నేను అడుగుదామనుకున్నా. 15 స్ప్లైన్లదేనా?

లానియర్_రాజు

15 స్ప్లైన్లే. అమ్మను కానీ, మీ బోటుకు సరిపోతుందో లేదో చూడాలంటే ఒక వారం తీసుకెళ్ళి వేసి చూడండి. ముందు మీ ఫుల్ థ్రాటిల్ ఆర్‌పీఎం ఎంతో రాయండి, ఫుల్ లోడుతో.